లియోన్ ట్రాములో హోల్డాన్

నూజివీడులో మామిడి వ్యాపారం చేసుకునే నేను, ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు లియోన్ నగరాన్ని ట్రాముల్లోనే చూసేద్దామని ఒక్కణ్ణే బయల్దేరాను. నేను దిగాల్సిన పెద్ద చర్చి దగ్గర ట్రాము ఆగింది కానీ తలుపు తెరుచుకోలేదు. ఆగిరిపల్లి బస్సులోలాగా తలుపు చరిచి, "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచాను. అందరూ తలెత్తి చూశారు. ట్రాము కదిలిపోయింది. తర్వాతి స్టాపులోనూ అదే వరస.

మూడో స్టాపులో పక్కసీటు పెద్దావిడ లేచి, తలుపు మీదున్న పచ్చ బటన్ నొక్కింది. తెరుచుకుంది.

"ముందే చెప్పొచ్చు కదండీ?" అన్నాను ఇంగ్లీషులో.

"మీరు అడగలేదుగా. అడగకుండా చెబితే చిన్నబుచ్చుకుంటారేమోనని ఆగాను," అందావిడ.

మావైపైతే అడక్కపోయినా బస్సంతా సలహా చెబుతుంది.

నా స్టాపు ఎప్పుడో దాటిపోయిందని ఆవిడకి చెప్పడానికి మొహం చెల్లలేదు. అక్కడే దిగాల్సినవాడిలా ఠీవిగా దిగి, ట్రాము కనుమరుగయ్యాక వెనక్కి నడిచాను.