తబూక్‌లో మంచు పడితే

అక్క పోయిన వార్త, తబూక్‌లో మంచు పడిన వార్త నా ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పైన ఉన్నది వీడియో. కొండ మీద తెల్లటి పొర, అద్దాల దాకా తెల్లబడ్డ కారు, ఎవరివో నవ్వులు. కింద అక్క కొడుకు రాసిన మూడు మాటలు: "అమ్మ ఇక లేదు." నేను డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటున్నాను. ముందు వీడియో చూసి, ఇది వెంటనే అక్కకి చెప్పాలి అనుకున్నాను. రెండోది ఆ తర్వాత చదివాను.

అక్క నా తోబుట్టువు కాదు. సౌదీలోని హుఫూఫ్‌లో మా ఆస్పత్రి ఎమర్జెన్సీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన నర్సు. నరసాపురం వైపు మనిషి. వార్డులో తెలుగువాళ్ళం అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. నిరుడు వేసవిలో కడుపులో గడ్డ బయటపడింది. ఉద్యోగం వదిలి, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఈ చలికాలం మొదట్లో కూడా మంచం మీద నుంచి వాయిస్ పంపింది. "ఏవే, తబూక్‌లో పడిందా?" గొంతు సన్నగా ఉంది. "ఇంకా లేదక్కా" అని రాశాను. మాట్లాడలేదు. రాశాను.

మంచం పట్టిన మనిషికి ఎక్కడో పడే మంచుతో పనేమిటని మీరు అడగవచ్చు. ఉత్తరాన తబూక్‌లోనో అరార్‌లోనో మంచు పడితే, ఆ గాలి ఒకటి రెండు రోజుల్లో మా హుఫూఫ్‌కి దిగుతుంది. ఇక్కడ మంచు పడదు, ఎముకలు కొరికే చలి మాత్రం వస్తుంది. ఖర్జూరం తోటల్లో పనిచేసే మనవాళ్ళు నూనె డబ్బా కోసి కుంపటి చేసుకుని, బొగ్గులు రాజేసి, గదిలో పెట్టుకుని తలుపు వేసుకుంటారు. తెల్లారేసరికి లేవరు. బొగ్గుల్లోంచి వచ్చే విషవాయువుకి వాసన ఉంటే లేద్దురేమో. ప్రాణం తీసేదానికి వాసన లేదు.

"ఈ దేశంలో మనోళ్ళు చలికి పోరే, వెచ్చదనానికి పోతారు" అనేది అక్క.

అందుకని నవంబరు నుంచి స్టాఫ్ రూమ్ క్యాలెండర్ మీద ఊళ్ళ పేర్లు రాసేది. తబూక్, అరార్, అభా. మా ఆస్పత్రిలో పనిచేసి ఆ ఊళ్ళకి మారిన నర్సులకి రోజూ ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన మాట గడిలో రాసేది. అంకె కాదు, మాట. 'మంచు.' 'వాన, గాలి.' 'టాంకీలో నీళ్ళు గడ్డ.' ఫోన్‌లో ఆ ఊరి వాతావరణం చూసి చెబుతామంటే ఒప్పుకునేది కాదు. "ఫోన్‌కి చలెయ్యదే. మనిషిని అడుగు."

ఆ ఫోన్లు వినడానికి భలేగా ఉండేవి. స్పీకర్ పెట్టేది. తబూక్ అమ్మాయి గొప్పలు పోయేది. "అక్కా, మా దగ్గర మోకాళ్ళ లోతు!" "నీ మోకాళ్ళు ఎక్కడుంటాయో నాకు తెలీదటే, పొట్టిదానా?" దక్షిణాన అభాలో ఉన్న ఆవిడ తనకీ మంచు పడిందని వాదించేది. "అవి వడగళ్ళు. లెక్కలోకి రావు" అని అక్క తీర్పు. "తెల్లగానే ఉన్నాయిగా?" "బియ్యం కూడా తెల్లగానే ఉంటాయమ్మా." అభా గాలి మా వైపు రాదు. అయినా ఆ ఫోన్ ఒక్కరోజూ మానలేదు. ఇన్ని ఊళ్ళ మంచు రాసిన అక్క మంచుని ఒక్కసారీ కంటితో చూడలేదు. చేతిలో పట్టుకుంటే బరువుంటుందా అని అందరినీ అడిగేది.

ఉత్తరాన్నించి కబురు రాగానే, సెలవు పెట్టయినా సరే, టాక్సీలో తోటలకి వెళ్ళేది. దేశం వదిలి వెళ్ళే నర్సుల దగ్గర అడిగి దాచిన దుప్పట్లు తీసుకుని వెళ్ళేది. మోయడానికి నేను. ఆ గదుల్లో పాత ఏసీ పీకేసిన కన్నం ఒకటి ఉంటుంది. చలికి మనవాళ్ళు దాన్ని గోనెసంచులతో కూరేస్తారు. అక్క లోపలికి వెళ్ళి, పలకరింపు కూడా లేకుండా మంచం ఎక్కి, ఆ సంచులు లాగి కింద పడేసేది. తర్వాత కుంపటి బయట పెట్టించేది. అప్పుడు దుప్పట్లు ఇచ్చేది. ఈ వరుస మారేది కాదు.

"ఏందమ్మా, సచ్చిపోతం సలికి!" అని జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకతను మొత్తుకునేవాడు.

"చావవు. వణుకుతావు. వణికేవాడు బతికున్నట్టే."

నాకు ఫోన్లో మాట్లాడాలంటే చిన్నప్పటి నుంచి భయం. కాన్వెంట్‌లో మౌనంగా ఉన్న పిల్ల మంచి పిల్ల. నేను చాలా మంచి పిల్లని. పుస్తకంలో తల పెట్టి కూర్చుంటే, "అందులో ఏం ఏరుకుంటున్నావే కోడిపెట్టలాగా?" అని అక్క జడ లాగేది. నా రెండో చలికాలంలో, అరార్‌కి ఫోన్ చేసే పని నాకు అప్పజెప్పింది. అక్కడున్నది ఒక సీనియర్ నర్సు, ఆంటీ అనేవాళ్ళం. ఏం చెప్పినా గద్దించినట్టే చెబుతుంది. తబూక్ అమ్మాయి అప్పుడు సెలవులో ఉంది. ఉత్తరాన మాకు మిగిలింది అరార్ ఒక్కటే.

మూడు రోజులు చేశాను. నాలుగో రోజు ఫోన్ చేతిలో పట్టుకుని పావుగంట నిలబడ్డాను. చివరికి ఫోన్‌లోనే వాతావరణం చూసి, గడిలో 'మామూలు చలి' అని రాశాను.

అది చూసి అక్క తోటకి వెళ్ళడం శుక్రవారానికి వాయిదా వేసింది.

బుధవారం పొద్దున్న డ్యూటీకి వెళ్ళేసరికి ఒకే గది నుంచి ఇద్దరిని తెచ్చారు. ఒకడు వాంతులు చేసుకుంటున్నాడు. చావవని అక్క చెప్పిన ఆ జగిత్యాల మనిషే. అతనికి ఆక్సిజన్ పెట్టాం. రెండోవాడు ఎర్రటి బుగ్గలతో నిద్రపోతున్నట్టు ఉన్నాడు. అతనికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

అక్క చేతులు కడుక్కుని క్యాలెండర్ దగ్గరికి వచ్చింది. "అరార్ ఆంటీ ఏమంది?"

"ఫోన్‌లో చూసి రాశానక్కా."

తిట్టలేదు. పోయిన మనిషి ఇంటి నెంబరు కనుక్కుంది. స్టాఫ్ రూమ్ తలుపు వేసింది. "నువ్వు మాట్లాడక్కర్లేదు. పక్కన కూర్చో" అంది. స్పీకర్ పెట్టింది.

"అమ్మా, హుఫూఫ్ ఆస్పత్రి నుంచి నర్సుని."

"ఏమాయె మేడం? మా ఆయనకు జరమచ్చిందా? మంచిగనే ఉన్నడు గదా? నిన్న మాట్లాడిండు, ఈడ కుంపటి పెట్టుకున్నం, ఎచ్చగున్నది అన్నడు."

అక్క చెప్పింది. వంకర లేకుండా, ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ తర్వాత అవతల నుంచి వచ్చినదాన్ని నేను రాయను. అక్క మధ్యలో ఫోన్ పెట్టలేదు. అవతలి మనిషి పెట్టేదాకా పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది.

తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగింది. "ఈ ఫోన్ కష్టమా, అరార్ ఫోన్ కష్టమా?"

ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. అరార్ పని మాత్రం నా దగ్గర నుంచి తీసుకోలేదు. అన్నిటికంటే అందుకే నేను అక్కకి రుణపడ్డాను. ఆ తర్వాతి చలికాలాల్లో క్యాలెండర్ మీద అరార్ గడి ప్రతిరోజూ నా చేతిరాతే.

అక్క పోయిన కబురు తెలిసిన రోజు కూడా అరార్‌కి ఫోన్ చేశాను. ఆంటీ ఈసారి గద్దించలేదు. "బయట బకెట్‌లో నీళ్ళు రాయిలా అయిపోయాయి. గాలి మీవైపే. రాసుకో" అంది. రాసుకున్నాను.

మర్నాడు దుప్పట్లు ఎత్తుకుని తోటకి వెళ్ళాను. తోటల్లో మాట్లాడటం ఎప్పుడూ అక్క వంతు. నేను వెనక నిలబడేదాన్ని. జగిత్యాల ఆయన గుమ్మంలో ఉన్నాడు. ఆ బుధవారం నుంచి అతనికి చేతులు వణుకుతాయి, చలి లేకపోయినా. నా వెనక్కి చూశాడు.

"అమ్మ రాలేదా సిస్టర్?"

"పోయారు. నిన్న."

అతను లోపలికి వెళ్ళి, కుంపటి రెండు చేతులతో ఎత్తుకొచ్చి, గుమ్మానికి దూరంగా ఇసకలో పెట్టాడు. లోపల ఆరుగురు మంచాల మీద కూర్చుని నన్ను చూస్తున్నారు. వాళ్ళలో నలుగురు కొత్తవాళ్ళు. నేను చెప్పులు విప్పి మంచం ఎక్కాను. సంచులు గట్టిగా కూరి ఉన్నాయి. మొదటిసారి లాగితే రాలేదు.

"ఎట్ల పండాలె సిస్టర్? సలి గదా" అన్నాడు ఒక కొత్తతను.

"వణకండి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

రెండోసారి లాగితే ఊడి వచ్చాయి. పలకంత ఆకాశం కనిపించింది. తబూక్ మంచు మీద నుంచి బయల్దేరిన గాలి ఆ కన్నంలోంచి వచ్చి, నా ముఖానికి తగిలి, కింద కూర్చున్నవాళ్ళ మీదికి దిగింది.