పాత సరుకు, కొత్త లినక్స్

మా ఎమ్మిగనూరు బట్టల దుకాణంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌ను ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఎవరి సాయమూ లేకుండా, నా చేతులతో నేనే చంపాను. ఎలాగో చెబుతాను. నేరంలో సగం మాత్రం ఖలీల్‌దని ముందే రాసిపెట్టుకోండి.

ఖలీల్ నా క్లాస్‌మేటు, బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసేవాడు. తొమ్మిదో తరగతిలో నా కంపాసు ముల్లు విరిచి, విరగనట్టే తిరిగిచ్చాడు. నేను చెబుతున్నది 2006 ప్రాంతం మాట. ముల్లు సంగతి అప్పటికీ మర్చిపోలేదు, ఇప్పటికీ మర్చిపోలేదు.

మా కంప్యూటర్‌కు వైరస్‌లు జోరీగల్లా ముసురుతుంటే, ఉన్న సిస్టం పక్కనే, వైరస్‌లు అంత సులువుగా అంటని లినక్స్ అనే ఇంకో సిస్టం ఎక్కిద్దామని వాడే వచ్చాడు. సంచిలోంచి రెండు సీడీలు తీశాడు.

"ఇది రెండేండ్ల కిందటి రిలీజు. ఇదే ఎక్కిద్దాం, గట్టిగా నిలబడతాది."

"ఆ రెండోది?"

"అది మొన్న వచ్చిండే రిలీజు. ఇంకా పరీక్ష మీద ఉండాది. నీకొద్దులేప్పా."

నాకొద్దట. అయ్యా, నేను వ్యాపారస్తుల ఇంట పుట్టినవాడిని. పై అరలో మగ్గిన చీరను దింపి, దుమ్ము దులిపి, "మీ కోసమే దాచినా, నిన్ననే మూట విప్పినాం" అనడం మా తాతల నాటి విద్య. ఆ విద్య నా మీదే ప్రయోగిస్తాడా? పైగా పాతదని మొహం మీదే చెప్పి మరీ అంటగడుతున్నాడు.

రెండో అవమానం కూడా వెంటనే జరిగింది. ముందు నాగప్ప డిజైన్లను వేరే సీడీలోకి ఎక్కించుకోమన్నాడు. నాగప్ప మాకు చీరలు నేసే మనిషి. మా కంప్యూటర్ ముందు కూర్చుని, చుక్క చుక్కగా బార్డర్లు గీసిపెట్టుకున్నాడు. వాటిలో చింతాకు బార్డరును చూడటానికి సోమవారం కడప నుంచి ఒక వ్యాపారి వస్తున్నాడు. అతనికి నచ్చితే నాగప్ప వీధి మొత్తానికి ఏడాది పని. నా చేతిలో అవి భద్రంగా ఉండవనా వీడి ఉద్దేశం? తర్వాత చూద్దాంలే అన్నాను.

దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి ఖలీల్ నమాజుకు వెళ్ళాడు. వాడు వీధి మలుపు తిరగకముందే కొత్త సీడీ లోపల పెట్టాను.

అది రైల్లో ఎదురు సీటు ముసలాయనలా ప్రశ్న మీద ప్రశ్న వేసింది. అన్నిటికీ సరే అన్నాను. డిస్కు మొత్తం తుడిచి శుభ్రం చేయమంటావా అని కూడా అడిగింది. శుభ్రం మంచిదే కదా, రోజూ దుకాణం ఊడ్చి కళ్ళాపి చల్లే వంశం మాది. దానికీ సరే అన్నాను. కాసేపు గిరగిర తిరిగి, తెర ఆలూరు రేగడి చేనులా నల్లబడి అలాగే ఉండిపోయింది.

ఖలీల్ వచ్చాడు. తెర చూసి, కొత్త సీడీ తీసి పాత సీడీ పెట్టాడు. అరగంటలో అది బుద్ధిమంతుడైన ఎద్దులా లేచి నిలబడింది. అప్పుడు అడిగాడు: "నాగప్ప బార్డర్లు యాడుండాయప్పా?"

అదే సమయానికి నాగప్ప లోపలికి వచ్చాడు. విషయం విని గల్లా పక్కన బల్ల మీద కూలబడ్డాడు.

"చింతాకు కూడా పోయిండాదా?"

తల ఊపాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నేల చూస్తూ అన్నాడు: "రెండేండ్ల కింద ఆ బార్డరుతో ఒక చీర నేసిచ్చింటి. అది దొరికితే పోగులు లెక్కబెట్టి మళ్ళా గీస్తా. యాడుండాది సెట్టీ?"

"అమ్మేసినా."

"ఎవురికి?"

నేను ఫ్యాను వైపు చూశాను. ఖలీల్ నా వైపు చూశాడు.

"ఆకుపచ్చ దాని మీద పసుపు చింతాకులా?" అన్నాడు మెల్లగా. "పోయిన రంజానుకు మా అమ్మకు కొనింటి. కొత్త సరుకు, నిన్ననే మూట విప్పినామంటివి."

"నిన్న యాడిది," అన్నాడు నాగప్ప ఏ కల్మషమూ లేకుండా. "శానా దినాలు పై అరలోనే ఉన్నింది కదా."

ఖలీల్ ఇంటికి వెళ్ళి చీర తెచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళు ఉంటారు, నేను చింతాకులు పట్టుకున్నాను. నాగప్ప రెండు రోజులు పోగులు లెక్కబెట్టి, ఆ పాత లినక్స్ మీదే బార్డరు మళ్ళీ గీశాడు. అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. సోమవారం కడప వ్యాపారి ఆ బార్డరు చూసి, ఆ వీధికంతా పని ఇచ్చి వెళ్ళాడు.

చీరను ఇస్త్రీ చేయించి, మిఠాయితో కలిపి ఖలీల్ వాళ్ళమ్మకు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె మిఠాయి లోపల పెట్టి, చీర తడిమి, "పాతదైనా రంగు పోలేదు నాయనా" అంది.

కాబట్టి దుకాణం నిండా ఉన్న గిరాకీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పాతది గట్టిదని ఎవరైనా చెబితే కళ్ళకద్దుకుని తీసుకుంటాను, కాపీ తీయకుండా దేన్నీ తుడవను, పాత చీరను కొత్తదని అమ్మను. ఈ మూడోది తప్పే వీలు కూడా లేదు. ఏటా రంజానుకు ఆమె వచ్చి, నేను ఏ చీర పరిచినా, కొడుకు నేర్పిన మాట పదిమందిలో అడుగుతుంది: "ఇది ఏ రిలీజు నాయనా?"

కంపాసు ముల్లు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.