రిమాండ్‌లో ఉన్నాయన అంగీ

ఉదయం ఏడూ పదికి కోదాడలో మిర్యాలగూడ బస్సు కదిలింది. మా ఆవిడ చనిపోయిన ఏడాది అది. నా పక్కన నిలబడ్డ నడివయసు ఆమె, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీని రెండు అరచేతుల మీద పళ్లెంలా పట్టుకుని ఉంది. బస్సు ఊగినప్పుడల్లా నడుము సీటుకు ఆనించి నిలదొక్కుకునేది తప్ప, కమ్మీ పట్టుకోలేదు.

“ఎవరికక్కా, పెండ్లికొడుక్కా?” అన్నాడు కిటికీ పక్కన కూర్చున్నాయన.

“మా ఆయనకు. సబ్‌జైల్ల ఉన్నడు. ఇయ్యాల కోర్టుకు తెస్తరు.”

“జైల్ల ఉన్నోనికి ఇస్త్రీ ఏందక్కా?” అని నవ్వాడు.

“శిక్ష పడలే తమ్మీ, రిమాండ్ల ఉన్నడు. రిమాండంటే కేసు తేలేదాకా ఉంచుడు, అంతే. తప్పు చేసిండని జడ్జి ఇంకా అనలే. శిక్ష పడ్డోళ్లకు జైలు బట్టలిస్తరు. రిమాండోళ్లు ఇంటి బట్టలే ఏసుకుంటరు. నలిగిన అంగీతోని కోర్టుకు పోతే, సూసినోళ్లంత నువ్వనుకున్నట్టే దొంగనుకుంటరు.”

ఆమె బతిమాలుకుంటున్నట్టు అనలేదు. ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. నవ్వినాయన లేచి, “కూసో అక్కా, అంగీ నలుగుతది,” అన్నాడు.

ఆమె కూర్చుని అంగీని ఒళ్లో పరుచుకుంది. మిర్యాలగూడ దాకా దాని మీద చేయి ఆనించలేదు.

కేసు ఏమైందో నాకు తెలియదు. ఎవరినైనా రిమాండ్‌కు పంపారని పేపర్లో చదివితే, ఏం తప్పు చేశాడని ఇప్పుడు నేను అడగను.