పొడికి వేసిన ముడి

ఆ రోజుల్లో నాకు రానివి రెండే రెండు: లెక్కలు, నోరు మూసుకోవడం. ఆ రెండూ వచ్చినవాడే కావాలని వెతుకుతున్న టెక్కలి నర్సింగ్ హోమ్‌లోనే నాకు ఉద్యోగం దొరికిందంటే, అక్కడి డాక్టరుగారు ఎంత మంచివారో, నేను ఎంత బాగా అబద్ధాలు ఆడేవాణ్ణో మీరే ఊహించుకోండి. ఆయన్ని అందరూ లెక్కల డాక్టరు అనేవారు. కడుపు కోసి లోపలికి ఏది పంపినా (గుడ్డముక్క, సూది, కత్తెర, ఏదైనా సరే) గోడమీది నల్లబోర్డు మీద ఒక గీత పడాలి. అది బయటికొస్తే గీత కొట్టెయ్యాలి. గీతలన్నీ కొట్టేస్తేగాని ఆయన కుట్టు వెయ్యడు. ఆ గీతలు గీసేవాణ్ణి నేను. రక్తం చూస్తే కళ్లు తిరిగే జబ్బు నాకు పుట్టుకతోనే ఉంది. మా నిమ్మాడలో పక్కింటివాళ్లు టమాటాలు తరిగినా నేను గోడ పట్టుకుని నిలబడేవాణ్ణని మా అమ్మ చెప్పేది. అందుకని థియేటర్లో బోర్డుకేసి తిరిగి, అందరికీ వీపు చూపిస్తూ ఉద్యోగం చేసేవాణ్ణి.

తుఫాను పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్కుపల్లి నుంచి ఒకతన్ని ఆటోలో తెచ్చారు. పడవని ఒడ్డుకి లాగుతుంటే కెరటం విసిరి, పడవ అంచు కడుపులో గుద్దుకుందట. బయట గీతంత గాయం లేదు. మనిషి మాత్రం సున్నం వేసిన గోడలా తెల్లబడిపోతున్నాడు. వాన చూడబోతే, టెక్కలి ఊరు మొత్తాన్నీ ఎత్తి సముద్రంలో ముంచి ఆరేసినట్టుంది. పట్టపగలే చీకటి. కరెంటు పోయి జనరేటర్ మొదలైంది. దాని మోతకి హాల్లో గోడలు అదురుతున్నాయి. "కాలేయం చిట్లింది. లోపల రక్తం పోతోంది. బేగి ఎత్తండి" అన్నారు డాక్టరుగారు. ఆయనా, మత్తు డాక్టరుగారూ, మేమంతా పెద్దక్క అని పిలిచే నర్సమ్మా, స్ట్రెచర్ మీద అతనూ, అందరికంటే వెనకాల నేనూ లోపలికి వెళ్లాం.

థియేటర్ గుమ్మానికెదురుగా నేలమీద అతని తల్లి కూర్చుంది. ఏడవడం లేదు. ఒళ్లో ఒక వల దారం పెట్టుకుని, ఒక్కొక్కరు గుమ్మం దాటుతుంటే ఒక్కొక్క ముడి వేస్తోంది. తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో అది తరతరాల పద్ధతట. వేటకెళ్లేవాళ్లు పడవెక్కుతుంటే ఒడ్డున మనిషికో ముడి, తిరిగొచ్చి ఇసకలో కాలు పెట్టగానే ముడి విప్పడం. ఆ రోజు వేసినవాటిలో ఒక్క ముడి మిగిలినా సరే, ఆ ఇంట్లో మగవాడు మంచం దిగకూడదు, గుమ్మం దాటకూడదు. నాకు వేసిన ముడిని నేను కళ్లారా చూశాను. దానికి ముందు, దారం చివర, నల్లగా, చింతగింజలా గట్టిపడిపోయిన పాత ముడి ఒకటి ఉంది. దాన్ని చూస్తే ఎందుకో వీపు మీద ఎవరో తడిచెయ్యి పెట్టినట్టయింది.

లోపల పెద్ద నరాన్ని డాక్టరుగారు కుట్టేశారు. అయినా చిట్లిన చోటంతా తడి ఇసకలో చెమ్మ ఊరినట్టు రక్తం ఊరుతూనే ఉంది. గుడ్డలు అద్దుతున్నారు, నేను గీతలు గీస్తున్నాను, గీతలు బోర్డు దాటి గోడెక్కేలా ఉన్నాయి. చివరికి ఆయన, "ఆ పొడి డబ్బా తీసుకురా" అన్నారు. హైదరాబాదులో ఏదో మీటింగుకెళ్లి అపురూపంగా తెచ్చుకున్న డబ్బాలవి. మల్లెమొగ్గల కంటే తెల్లటి పొడి, పైన పొడుగాటి ముక్కు. నేను స్టోరుకి పరిగెత్తి, డబ్బా గుండెలకి హత్తుకుని వస్తుంటే గుమ్మం దగ్గర ఆ తల్లి ఆపింది.

"ఏటి బాబూ ఆ సేతిలోది?"

నా నోటికి తాళం లేదని ముందే మనవి చేశాను. "కడుపులో చల్లే పొడి. రక్తం ఠక్కున ఆగిపోద్ది."

"ఆగినాక ఆ గుండని మళ్లీ తీసీత్తారా?" పొడిని వాళ్లు గుండ అంటారు.

"తియ్యరు. లోపలే ఉంటుంది. నాలుగు రోజులకి అదే మాయమైపోద్ది" అన్నాను, ఆ పొడిని నేనే కనిపెట్టినంత గొప్పగా.

ఆమె చెయ్యి ఆగింది. "మాయమైపోద్దా" అంది. "మాయమైపోయినోడు మా ఇంటిలో ఒకడున్నాడు బాబూ. ఈడి అయ్య. ఏటకెల్లినోడు మరి రానేదు." ఇంకేమీ అనకుండా డబ్బాకేసి చూస్తూ మరో ముడి వేసింది.

లోపలికి వచ్చేసరికి కంటపడకూడని రక్తం కంటపడింది. పడిపోకుండా ఉండడానికి ఒక ఉపాయం కనిపెట్టాను: గదిలో మనుషుల్ని లెక్కపెట్టుకోవడం. పడుకున్నవాడు ఒకడు, డాక్టరుగారు, మత్తు డాక్టరుగారు, పెద్దక్క, నేను. ఐదు. మళ్లీ లెక్కపెట్టాను. ఆరు. (నాకు లెక్కలు రావని మొదటి వాక్యంలోనే రాశాను, గుర్తుంచుకోండి.) మూడోసారీ ఆరే. దీపం ఒకసారి ఎర్రబడి మళ్లీ వెలిగింది. తలుపు రెక్క దానంతటదే జానెడు తెరుచుకుని, ఆగి, మూసుకుంది. మందుల వాసన మధ్యలో తడి వల వాసన, సముద్రపు పాచి వాసన గుప్పుమంది. గాలి అనుకున్నాను. గాలి అని నాలుగుసార్లు పైకే అన్నాను. "ఏం గొణుగుతున్నావు?" అని పెద్దక్క కసిరితే, "గీతలు లెక్కపెడుతున్నానక్కా" అన్నాను.

అటు డాక్టరుగారు పొడి చల్లి, పైన గుడ్డ పెట్టి నొక్కిపట్టారు. జనరేటర్ కూడా గొంతు తగ్గించినట్టనిపించింది. గుడ్డ తీసి చూసి, "ఆగింది" అన్నారు. మిగిలిన పొడిని నీళ్లతో కడిగేశారు. గీతలన్నీ కొట్టేశాను (పొడికి గీత అక్కర్లేదన్నారు). కుట్టు పడింది. నేను మాత్రం పడలేదు. నా సర్వీసులో ఘనకార్యం అదొక్కటే.

అసలు గొడవ మర్నాడు మొదలైంది. అతను మంచం దిగి నాలుగడుగులు నడవాలి, పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుందన్నారు డాక్టరుగారు. తల్లి ఒప్పుకోలేదు. "ముడుండగా నెగవకూడదు." తాటిచెట్టంత మనిషి, కెరటాలకి ఎదురెళ్లేవాడు, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "అమ్మ ముడి ఇప్పనేదు బాబూ" అన్నాడు. అందరి ముడులూ విప్పేసిందట. పొడిది మాత్రం ఉంది. ఆ సాయంత్రానికి అతనికి దగ్గు మొదలైంది. దగ్గిన ప్రతిసారీ కడుపు పట్టుకుంటున్నాడు. డాక్టరుగారు నన్ను పిలిచారు. "ఆ ముడి వేయించింది నీ నోరు. విప్పించేది కూడా అదే. రేపు పొద్దున్న అతను నడవకపోతే, నువ్వు నడుచుకుంటూ నిమ్మాడ వెళ్లిపోవచ్చు."

అప్పుడు సిగ్గు విడిచి అడిగాను. "సార్, ఇంతకీ ఆ పొడి ఏమిటి?" (ముందురోజు దాని గురించి ప్రసంగించినవాణ్ణి.) ఆయన, "బంగాళాదుంప పిండి లాంటిదే. బాగా శుద్ధి చేసింది. రక్తంలో నీటిని పీల్చేసుకుంటుంది, మిగిలింది చిక్కబడి గడ్డకడుతుంది. ఆ తర్వాత పిండిని ఒళ్లే అరిగించుకుంటుంది" అన్నారు.

పొద్దున్నే ఆ ఖాళీ డబ్బా పట్టుకెళ్లాను. అడుగున చిటికెడు మిగిలింది. స్టీలు మూతలో దులిపి, ఆమె ముందు పెట్టి, రెండు నీటిచుక్కలు వేశాను. పొడి నీటిని తాగేసింది. చూస్తుండగానే ఉబ్బి, తళతళలాడే జిగురు ముద్దయిపోయింది. ఆమె వంగి వాసన చూసింది. వేలితో తాకి చూసింది.

"గంజి నాగుంది."

"గంజే అమ్మా. దుంప పిండి."

"దుంపంటే? తినీదా?"

"తినేదే."

ఆమె నన్ను చూసిన చూపుకి, రక్తం చూసినా తిరగనంతగా కళ్లు తిరిగాయి. "ఓరి నీ తెలివి మండిపోనూ. తిండికి ఎవులైనా ముడేత్తారేటి? నోపలికెల్లిన బువ్వ మళ్లీ బువ్వలాగే బయటికి రావాలని కూకుంటారేటి? అది ఒంటికి పడతాది. ఆ ముక్క మొదలే సెప్పీడానికి నీకు నోరు రానేదా?" నోరు రాలేదని నన్ను తిట్టిన మనిషి నా జన్మలో ఆమె ఒక్కతే. చిటుక్కున ముడి లాగేసి, కొడుకు వైపు తిరిగి, "నెగు. దగ్గుకుంటా తొంగున్నావేటి" అంది. అతను లేచాడు. మంచం కోడు పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, తర్వాత నన్ను పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. ఆ చివర ఎవరూ చూడకుండా ఇద్దరం కాస్సేపు ఏడ్చాం. అతను నొప్పికి, నేను ఉద్యోగం నిలిచినందుకు.

తిరిగొచ్చేసరికి ఆమె దారం చుట్టచుడుతోంది. నున్నగా ఉంది. చివర ఉండాల్సిన ఆ నల్లటి పాత ముడి లేదు. అక్కడ దారం వంకరపోయి, తెల్లగా, ఇన్నాళ్లూ ఎండ తగలని చర్మంలా ఉంది.

"ఆ పాతది ఏమైందమ్మా?"

"అదా" అంది, చుట్టడం ఆపకుండా. "ఇప్పీసినాను. నువ్వు గుండట్టుకుని ఎల్లినప్పుడు నీ ఎనకాలే ఎల్లినాడు కదా, కొడుకుని సూడ్డానికి. మీకంటే ముందే తలుపు తీసుకుని ఒచ్చీసినాడు. నువ్వు సూడనేదా?"

నేను చూడలేదు. లెక్కపెట్టానంతే. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. నోరు మూసుకోవడం ఆ రోజే నేర్చుకున్నాను.

అందువల్ల ఈ సంగతి పలాస నుంచి సోంపేట దాకా నాకు తెలిసిన ప్రతివాడికీ కనీసం పదిసార్లు మాత్రమే చెప్పాను. మా ఆవిడ లెక్కలో అది వెయ్యి. పోయినేడాది నా పిత్తాశయం తీసేశారు. తెలివొచ్చాక కుర్ర డాక్టరొకాయన వచ్చి, "కాస్త రక్తం ఊరింది అంకుల్, పొడి చల్లాం, భయం లేదు" అన్నాడు. నవ్వితే కుట్లు లాగాయి. పక్కన మా ఆవిడ ముఖం అటు తిప్పుకుని, చీరకొంగుతో గబగబా ఏదో చేసుకుంటోంది. ముడులు విప్పుతోంది.

"పొడికి వెయ్యలేదా?" అన్నాను.

"తిండికి ఎవరైనా ముడేస్తారా" అంది, నాకేసి చూడకుండా.

ఆమె నిద్రపోయాక ఆ కొంగు నా మంచం మీదకి జారింది. ముడులు విప్పిన చోటల్లా గుడ్డ నలిగి, చిన్న చిన్న పువ్వుల్లా నిలబడి ఉంది. నాతో కలిపి లోపలికి వెళ్లింది నలుగురమని మత్తు ఎక్కకముందు నేనే చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి, కొంగు మడిచి ఆమె చేతికిందికి తోసేశాను. ఇంకా ఉన్నాయేమో నేను చూడలేదు. లెక్కల్లో నేను ఎంతటివాణ్ణో నాకంటే బాగా ఎవరికి తెలుసు.