గీజర్ పేలిన పూట

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నవ్వేదాన్ని. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా తాయెత్తు వద్దు, డాక్టరు దగ్గరికి పొమ్మనేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను. అయినా నాకు జరిగిన ఈ ఒక్క సంగతిని మాత్రం కొట్టిపారేయలేను.

ఎనభైల మొదట్లో మేము మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్లం. మా ఆయన సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్. పాప పుట్టకముందే మా అత్తమ్మ పోయింది. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచిపెట్టే మనిషి లేకపోయేసరికి, బాలింతకు కష్టమని ఆయన ఒక పాత గీజర్ తెచ్చి స్నానాల గదిలో పెట్టించారు.

బిగించిన ఖాజా భాయ్ నాకు అంతా విడమర్చి చెప్పాడు.

"చల్లనీళ్లు కింద నుంచి లోపలికొస్తయి బేటీ. లోపల కాయిల్ కాగబెడ్తది. కాగిన నీళ్లు పైకెక్కుతయి, నల్లా తిప్పితే అవే వస్తయి. మస్తు కాగినంక కరెంటు దానంతటదే బంద్ అయితది. ఈ వాల్వు నుంచి చుక్కలు పడ్తయి, ఫికర్ చెయ్యకు. నీళ్లు కాగితే ఉబ్బుతయి గద, ఎక్కువైనయి బయటికి పోవాలె."

కొన్ని నెలలకు ఆ చుక్కలు ఆగిపోయాయి. నేల తడవట్లేదని సంతోషించానే తప్ప అనుమానం రాలేదు.

ఆ ఉదయం ఆయన డ్యూటీకి వెళ్లారు. గీజర్ స్విచ్ వేసి, పాపకు నూనె రాసి, స్నానాల గదిలోకి వెళ్లాను. గీజర్ కిందున్న పీట మీద కూర్చోబోతుంటే వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఓ పిల్లా, పాలు పొంగుతున్నయ్, జల్ది రా!"

అది మా అత్తమ్మ గొంతు. ఆమె పోయిందన్న సంగతే ఆ క్షణాన గుర్తు రాలేదు. పాపను ఎత్తుకుని వంటింట్లోకి పరుగెత్తాను. అక్కడ ఎవరూ లేరు. స్టవ్ వెలగడం లేదు. అసలు పాలవాడే ఇంకా రాలేదు.

అంతలో వెనక పెద్ద చప్పుడు. ఇల్లంతా ఆవిరి. స్నానాల గది రేకులు లేచిపోయాయి. గీజర్ చీలిపోయి పీట మీద పడి ఉంది.

పక్కింటి రహీమా ఆపా ఉరికి వచ్చింది. ఆమె ఆ సందులోకి వచ్చి నెల కూడా కాలేదు, మా అత్తమ్మను ఎన్నడూ చూడలేదు. పాపకు ఏమీ కాలేదని తడిమి చూసుకున్నాక అడిగింది:

"మీ ఇంట్ల ముసలమ్మ ఎవరు? పాలు పొంగుతున్నయని ఒర్లింది గద. నేను గూడ ఉరికిపోయి నా పొయ్యి చూసుకున్న."

మా అత్తమ్మ ఎప్పుడో పోయిందని ఆమెకు చెప్పాను.

ఖాజా భాయ్ వచ్చి చూశాడు. నీళ్లలోని సున్నం పేరుకుని వాల్వు మూసుకుపోయిందట. కరెంటు ఆపే మీట కూడా ఇరుక్కుపోయింది. ఆవిరికి బయటికి పోయే దారి లేదు.

మా ఆయన వచ్చి అంతా విని, పాపను ఒళ్లోకి తీసుకున్నారు. తర్వాత అన్నారు: "ఎట్ల పిలిచిందో నన్నడగకు. మా అమ్మ పిలిచింది, నువ్వు ఇన్నవ్. నాకు గంతే చాలు."

నాకు అంతటితో సరిపోలేదు. నా చెవులు భ్రమపడ్డాయనుకుంటే, గోడ అవతల ఆపా చెవులకేమైంది?

ఆ సాయంత్రం ఆపా తన పొయ్యి మీద నీళ్లు కాచి ఇచ్చింది. పోస్తుంటే పాప కిలకిలా నవ్వింది. నేను వంటింటి వైపు తిరిగి, "అత్తమ్మా, నా బిడ్డను బతికించినవ్" అన్నాను.