లక్క కింది స్క్రూ

మా కారు నిలబడి ఉన్నప్పుడు కూడా పరుగెత్తుతున్నట్టే అరిచేది. గేరు వేయకుండా, పెడల్ మీద కాలు పెట్టకుండా వదిలినా ఇంజన్ ఊరుకునేది కాదు. కాసేపు పెద్దగా మోగేది, ఉన్నట్టుండి దిగేది, ఆగిపోతుందనుకునేలోగా మళ్లీ లేచేది. చంద్రపూర్‌లో నేను అద్దెకుంటున్న గల్లీలో ఆ చప్పుడు వింటే పిల్లలు పక్కకు తప్పుకునేవారు, పెద్దలు నవ్వేవారు. నవ్వనీ అని అద్దం ఎత్తుకుని పోయేవాణ్ని. మా నాన్న కారు అది. మా ఇంటి నుంచి నా దాకా వచ్చింది అదొక్కటే.

ఇల్లంటే రాజురా వైపు లక్కడ్‌కోట్ దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్లో గడి, దొరల కోటలాంటి ఇల్లు. నిజాం కాలంలో చుట్టూ నాలుగు ఊళ్లకు మా మాటే చెల్లేది. తర్వాత భూమి కొంత చట్టాలకు పోయింది, కొంత కోర్టులకు పోయింది, మిగిలింది మాలో మాకు పడక పోయింది. చివరికి గడి రాళ్లు కూడా ఎవరెవరి పునాదుల్లోకో వెళ్లాయి. దాని గురించి ఒకరి ముందు కూర్చుని బాధపడడం నాకు చేతకాదు. ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. కారును మాత్రం అమ్మలేదు. చాలా ఏళ్లు ఇటుకల మీద నిలబెట్టి ఉంచి, రిటైరయ్యాక మళ్లీ రోడ్డెక్కించాను.

ఇంజన్ సంగతి నేనే తేల్చాలనుకున్నాను. గడిలో పుట్టినవాడెవడూ బానెట్ కింద చెయ్యి పెట్టలేదు, నేను పెట్టాను. ప్లగ్గులు మార్చాను. గాలి వడపోసే డబ్బా కడిగాను. కార్బ్యురేటర్ విప్పి, పాత ధోవతి గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించాను. పెట్రోలు, గాలి ఎంతెంత కలవాలో చూసే చిన్న స్క్రూను పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పి రోజంతా విన్నాను. ఏం చేసినా ఆ పరుగు తగ్గలేదు. ఈ కారు స్వభావమే ఇంత అనుకుని వదిలేశాను.

పోయిన వానాకాలం తర్వాత ఒకరోజు సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు ఉండగానే కారు ముందుకు గుంజింది. ముందున్న స్కూటరు మీద ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. తగల్లేదు. ఆ సాయంత్రమే నాగపూర్ రోడ్డు పక్కనున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. నలభై ఏళ్ల మనిషి. వాళ్ల నాన్న బొగ్గు గని పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. మరాఠీలో మొదలుపెట్టి, నా యాస విని తెలుగులోకి దిగాడు.

బానెట్ ఎత్తాక చాలాసేపు దేన్నీ ముట్టుకోలేదు. తల పక్కకు వంచి విన్నాడు.

"సార్, దీనికి ఒక్క బీమారి గాదు, రెండున్నయ్."

"చెప్పు."

"గిట్ల ఎక్కుడు దిగుడు ఒకటి. అసలుకే ఎక్కువుండుడు ఇంకోటి. రెండు కలిసి ఒక్కతీరు ఇనబడ్తున్నయ్. అందుకే మీకు దొరకలే."

ఇంజన్ నడుస్తుండగానే స్ప్రే డబ్బా తీసుకుని అతుకుల దగ్గర కొద్దికొద్దిగా కొడుతూ వచ్చాడు. కార్బ్యురేటర్ అడుగున కొట్టగానే చప్పుడు చటుక్కున మారింది.

"ఇగో, గిక్కడ దొంగగాలి గుంజుతుంది" అన్నాడు.

ఇంజన్ ఆపి విప్పితే, గాలి చొరకుండా అడుగున వేసే అట్ట ఎండి, ఒకవైపు చీలి ఉంది. కొత్తది కత్తిరించి వేశాడు. మళ్లీ స్టార్టు చేస్తే ఊగడం పూర్తిగా పోయింది. ఒకే స్థాయిలో మోగుతోంది, కానీ ఆ స్థాయి ఎక్కడో పైన ఉంది. చోక్ తీగ చూశాడు, పెడల్ తీగ చూశాడు. రెండూ సాఫీగానే ఆడుతున్నాయి. అప్పుడు టార్చి వేసుకుని లోపలివైపు వంగాడు. కాలు తీశాక కూడా ఇంజన్ ఎంత వేగంతో తిరగాలో ఆపి ఉంచే స్క్రూ ఒకటి అక్కడ ఉంటుంది. దాని మీద నల్లటి గడ్డ కట్టి ఉంది. నేను ఎన్నోసార్లు చూసి మడ్డి అనుకున్నదే. పానాతో గీకాడు. నలుపు కింద ఎరుపు బయటపడింది.

"సార్, గిది లక్క! పార్సిళ్లకు ముద్ర ఏస్తరు సూడుండ్రి, గదే. లోపలికి దిప్పి దిప్పి పైకెళ్లి లక్క వోసిర్రు. ఇంజన్ల లక్క ఏసేటోన్ని నా జిందగీల సూడలే. ఏ పాగల్ గాడో!"

ఆ పాగల్ గాడు మా నాన్న.

మా ఇంట్లో లక్క వేయని వస్తువు తక్కువ. వడ్ల కొట్టు తాళానికి లక్క, కచేరీ గదిలో బీరువాకు లక్క, నెయ్యి జాడీ మూత చుట్టూ లక్క. పనివాళ్ల చేతులు తగిలే ప్రతిచోటా మా నాన్న స్వయంగా ముద్ర వేసేవాడు. ముద్ర చెదిరితే ఎవరో ముట్టుకున్నట్టు. తాతల నాటి పద్ధతి. ఎవరినీ నమ్మకపోవడాన్ని మేము మర్యాద అనుకునేవాళ్లం.

మెకానిక్ లక్కను గీకుతుంటే నాకు మా వాకిలి కనిపించింది. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఒకసారి రాజురా తహసీలు కచేరీ ముందు, మా నాన్న వెనక సీట్లో కూర్చున్నాక, ఇంజన్ ఆగిపోయింది. పదిమంది నెట్టవలసి వచ్చింది. నెట్టినవాళ్లు నవ్వుకున్నారు కూడా. మా ఇంట్లో దొర బయటికి వచ్చేసరికి బండి నడుస్తూ ఉండాలి, దొర దిగేదాకా ఆగకూడదు. ఇంటికి రాగానే డ్రైవర్‌ను పిలిచి ఇంజన్ ఉరుకు పెంచమన్నాడు. అరుగు మీద కూర్చుని నేను విన్నాను, తర్వాత తలుచుకోనే లేదు.

"దొరా, గంత పెంచితె పెట్రోల్ మస్తు తాగుతది" అన్నాడు డ్రైవర్.

"తాగనీరా. నీ అయ్య సొమ్మా?"

ఆరు నెలలు గడిచేసరికి ఆ మాట మా నాన్న మరిచిపోయాడు. పెట్రోలు ఎటు పోతోందని మొదలుపెట్టాడు. ఒక పొద్దున గడి వాకిట్లోకి ఊరిని పిలిపించి, డ్రైవర్‌ను నడుమ నిలబెట్టి, "దొంగ" అన్నాడు. వీడు డబ్బా పట్టుకుని పోవడం చూశావా అని నన్ను అడిగాడు. చూశానన్నాను. రేడియేటర్‌లో పోసే నీళ్ల డబ్బా రోజూ అతని చేతిలో ఉండేది. దాంట్లో ఏముందని నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అతను ఒక్కసారి నా వైపు చూశాడు. తాళం చెవి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ మాట తర్వాత ఈ చుట్టుపక్కల ఎవరూ అతనికి స్టీరింగ్ ఇవ్వలేదు. బొగ్గు గనిలో తట్ట మోశాడని విన్నాను. ఘుగ్గుస్‌లో ఉంటున్నాడని కూడా నాకు తెలుసు. ఇక్కడి నుంచి గంట దూరం కూడా లేదు. ఇన్నేళ్లలో పోలేదు.

మెకానిక్ స్క్రూను వెనక్కి తిప్పాడు. నాలుగు చుట్లు. ఇంజన్ దిగి, దిగి, మెత్తగా నిలిచింది. నా పదిహేడో ఏడు తర్వాత ఆ కారు అంత నెమ్మదిగా మోగడం మళ్లీ ఇప్పుడే విన్నాను.

"గంతే సార్. అయిపోయింది" అన్నాడు.

మూడో రోజు ఘుగ్గుస్ వెళ్లాను. గని కార్మికుల పాత క్వార్టర్ల వెనక ఒక రేకుల ఇల్లు. బొగ్గు దుమ్ముకు ఆకులతో సహా అన్నీ ఒకే రంగు. ఆనాటి డ్రైవర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. నన్ను పోల్చుకుని లేవబోయాడు.

"చిన్నదొరా!"

లోపలి నుంచి కోడలు తొంగిచూసింది. "ఎవలు మామా?"

"మా దొర."

"దొరలు గిప్పుడు గూడ ఉన్నరా?" అని నా చెప్పుల వంక చూసి, కుర్చీ తెచ్చి వేసింది.

నేను నిలబడే చెప్పాను. లక్క దొరికిందని, స్క్రూ దొరికిందని, మా నాన్న చేసింది తప్పని. ఆయనను 'మీరు' అందామని దారంతా అనుకున్నాను. నోటికి 'నువ్వు' తప్ప రాలేదు.

ఆయన ఆశ్చర్యపోలేదు. "ఎరికే దొరా. ఆ స్క్రూ దిప్పింది నేనే. మీ నాయిన లక్క ఏస్తుంటె దీపం వట్టుకున్నది గూడ నేనే."

"మరి ఆనాడు ఎందుకు చెప్పలే?"

"ఊరందరి ముందట ఆయన్ని అబద్ధాలోన్ని ఎట్ల జెయ్యాలె? నా నోట్లకెళ్లి వస్తె ఎవలు నమ్ముతరు? మీరంటరేమో అని సూసిన. మీరు అర్గు మీదనే ఉంటిరి గద, ఇంటిరి గద."

కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన చాలాసేపు దగ్గి, నోరు తుడుచుకుని, మెల్లగా అన్నాడు.

"చిన్నదొరా, ఏమనుకోకుండ్రి. ఆనాడు అన్నది ఊరి ముందట. గిప్పుడు జెప్తున్నది నా మంచం ముందట. గిది సమానమెట్లైతది?"

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చాను, తప్పన్నాను, ఇంకేం కావాలి అనిపించింది. క్వార్టర్ల గేటు దాకా నడిచాక ఆ కోపం ఎవరిదో అర్థమైంది. ఆ గొంతు నాది కాదు, మా నాన్నది. వెనక్కి వచ్చి, "రేపు పొద్దున తయారుండు, ఊరికి పోదాం" అన్నాను.

మర్నాడు ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు సీట్లో కూర్చోమన్నాను. వర్ధా వంతెన దాటేదాకా ఒళ్లు ముడుచుకునే కూర్చున్నాడు. రాజురా దగ్గర మాత్రం "ఇంజన్ మంచిగైంది" అన్నాడు.

ఊరు నాకు ఆనవాలు దొరకలేదు. గడి ఉన్నచోట సెల్‌ఫోన్ టవరు. వాకిలి ఉన్నచోట చాయ్ హోటల్. అక్కడ కూర్చున్న కుర్రవాళ్లు తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తున్నారు. ఆనాడు వాకిట్లో నిలబడినవాళ్లలో ఎవరున్నారని ఒక్కొక్క ఇంటిపేరూ అడిగాను. చనిపోయారు, లేదంటే మంచిర్యాల వైపు వెళ్లిపోయారు. ఒక్కడు మిగిలాడు, మా పశువులు కాసిన మనిషి. హోటల్ ముందు బెంచీ మీద ఎండకు కూర్చుని ఉన్నాడు.

"అయ్యో, చిన్నదొర గదా! దండాలు దొరా" అని చేతులెత్తాడు. తర్వాత నా పక్కకు కళ్లు చిట్లించి చూసి, పకపకా నవ్వాడు. "గీడెవడు, పెట్రోల్ దొంగ డ్రైవరా! ఇంక బతికే ఉన్నావురా?"

పేరు మరిచిపోయాడు. ఆ మాట మరవలేదు.

నేను నిటారుగా నిలబడి, హోటల్ లోపలికి వినిపించేలా చెప్పాను. "ఈయన దొంగతనం జెయ్యలే. పెట్రోల్ తాగింది ఇంజన్. దాన్ని గట్ల దిప్పిచ్చింది మా నాయిన. ఇని గూడ నోరు మూసుకున్నది నేను. ఊరి ముందట ఈయన్ని దొంగను జేసింది మేమే." ఆ 'ఈయన' నా నోట్లోంచి తానే వచ్చింది.

కుర్రవాళ్లు ఫోన్ల లోంచి తలలెత్తారు. పశువులు కాసిన ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అనుకున్నది జరిగిందనుకున్నాను.

"సూసిర్రార్రా పోరగాండ్లు! దొర బుద్ధంటె గిది. దొంగను గూడ కార్ల పక్కకు కూసుండవెట్టుకొని వచ్చి, తప్పు తన మీదేసుకుంటుండు. పెద్దింటోల్ల దిల్ గట్లుంటది."

"కాదు, నేను నిజం చెప్తున్నా" అన్నాను.

"మీరు గట్లనే అంటరు దొరా. మీ తాత గూడ గంతే, ఎంత తప్పు జేసినోన్నైనా కడుపుల వెట్టుకునేటోడు."

మా తాత అలాంటివాడు కాదు. ఆ సంగతి అక్కడున్న మా ముగ్గురికీ తెలుసు. నేను లక్క గురించి చెప్పాను, నీళ్ల డబ్బా గురించి చెప్పాను. కాదన్న కొద్దీ నేను పెద్దవాణ్నవుతూ పోయాను. ఒక కుర్రవాడు లేచి వచ్చి, 'పెద్ద' అనడానికి మరాఠీ మాట కలిపి, "కాకా, మోఠా మనిషివి నువ్వు. గాడీతోని ఒక ఫొటో తీస్కోనా?" అన్నాడు.

నా పక్కనున్న ఆయన సగం తాగిన చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "పోదాం పదుండ్రి" అన్నాడు.

తిరుగు దారిలో, రాజురా దాటాక ఆయన అన్నాడు. "ఆని తప్పు గాదు దొరా. ఆనికి గట్లనే అలవాటు."

"ఇంకోసారి పోదాం. పంచాయతీల కూసోవెట్టి చెప్తా. రాసిస్తా."

"ఎవలు సదువుతరు దొరా? మన తెలుగు అక్షరం వచ్చే పోరడు ఆ ఊర్ల ఒక్కడు లేడు. మరాఠీల రాసినా గదే అంటరు, దొర పెద్దమనిషని."

ఘుగ్గుస్ మొదట్లో, లారీలు నిలిచే నాకా దగ్గర, కారు ఆపమన్నాడు.

"గిక్కడనే దిగుత. గల్లీ దాక వద్దు."

"నడవలేవు."

"నడుస్త. మీ కార్ల దిగితె మా కోడలు, వాడకట్టోల్లు గూడ దొర ఎంత మంచోడో అంటరు. నేను ఇనలేను."

దిగడానికి చెయ్యి అందించాను. పట్టుకోలేదు, తలుపు పట్టుకుని దిగాడు.

"మళ్లీ వస్తా" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. ఆయన తలుపు మెల్లగా వేశాడు, లారీల మధ్య నుంచి గోడ పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. మళ్లీ ఘుగ్గుస్ వెళ్లలేదు. ఊరివాళ్లు ఎవరైనా చంద్రపూర్ మార్కెట్లో కనిపిస్తే ఆగి నమస్కారం పెడుతున్నారు. ఆనాటి సంగతి విన్నామంటున్నారు, మీలాంటి దొరలు ఇప్పుడు లేరంటున్నారు. నేను నిలబడి వింటున్నాను.