చాంద్ జానీమియా

స్టేషన్ ఘన్‌పూర్‌లో పరుపులు కుట్టే జానీమియాను ఉత్త జానీమియా అనేవాళ్లు తక్కువ. చాంద్ జానీమియా అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. రంజాన్ ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి సాయంత్రం ఊరవతలి గుట్టెక్కి, నెలవంకను అందరికంటే ముందు పట్టేది ఆయనే మరి. హైదరాబాద్ నుంచి ఖబరు ఫోన్లలో వస్తుంది, కాదనం. కానీ అంతకుముందే జానీమియా వేలు చూపించాలి, మసీదు మైకు మోగాలి, మర్నాడు పండుగని ఊరికి తెలియాలి. ఏళ్ల తరబడి అదే ఆయన గొప్ప. పరుపులు కుట్టినంత మాత్రాన ఎవరు సలాం కొడతారు?

తీరా చూస్తే ఆయన కళ్లకు పొరలు కమ్మి రెండేళ్లయింది. సూదిలో దారం ఎక్కించేది భార్య మున్నవర్ బేగం. దవాఖానకు పోదామంటే చాలు, ఇంతెత్తున లేస్తాడు.

"నల్లద్దాలు పెట్టుకొని బజార్ల తిరిగితే, మరి చాంద్ ఎవడు చూసిండని అడగరా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఈసారి నెల చివర ఏప్రిల్ ఎండల్లో పడింది. రాళ్ల మీద ఎక్కడ తూలిపడతాడోనని మున్నవర్ బేగం చిన్న కూతురు హుమేరాను తోడు పంపింది. గుట్ట మీద వరంగల్ నుంచి బైకులేసుకొని వచ్చిన పిల్లలు, దిగే పొద్దును ఫోన్లలో పట్టుకుంటూ కేకలు పెడుతున్నారు. వాళ్లను చూస్తే జానీమియాకు ఎప్పుడూ నవ్వే. ఇన్నేళ్లు గుట్టెక్కి ఆయన సూర్యుణ్ణి సరిగా చూసిన పాపాన పోలేదు. బస్సులో నిలబడ్డవాడు సీట్లో కూర్చున్నవాడి వైపు చూసినట్టు, ఎప్పుడు దిగుతాడా అని చూసేవాడు, అంతే. ఇప్పుడేమో ఆకాశం మొత్తంలో ఆయనకు కనిపిస్తున్నది ఆ ఎర్రటి ముద్ద ఒక్కటే. అబ్బ, ఎంత బాగుంది! ఇంకాసేపు ఉంటే నీ సొమ్మేం పోతుందని దాన్ని లోలోపల బతిమాలుకున్నాడు. అది దిగిపోతే జవాబు చెప్పాల్సింది తానే.

బతిమాలితే ఆగుతుందా? పొద్దు గుంకింది. ఆయనతో పాటు గుట్టెక్కిన మసీదు జనం ఖర్జూరాలు నోట్లో వేసుకొని ఉపవాసం విడిచారు, గబగబా నమాజు ముగించారు. ఇక అందరూ ఆకాశాన్ని వదిలేసి జానీమియా ముఖం వైపు తిరిగారు.

"కనబడ్డదా చాచా?" అన్నాడు మసీదు కమిటీ పెద్ద ఫహీమ్.

జానీమియాకు అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"నాకేం కనబడ్తలేదు."

"అయితే చాంద్ లేనట్టే. రేపు గూడ రోజా ఉండుడే!" అని ఫహీమ్ తేల్చేశాడు.

"ఉన్నది! గదిగో, సెల్ టవర్‌కు జర ఎడమ పక్కన," అంది హుమేరా.

"మీ అబ్బాకే కనబడంది నీకు కనబడ్తదా బేటీ? మబ్బు తునక అయ్యుంటది."

అందరూ నవ్వారు. ఒక్కడూ అటు తల తిప్పలేదు. హుమేరా ఏదో అనబోయి ఆగిపోయింది. తన చేతిని పట్టుకున్న ఆమె వేళ్లు బిగుసుకోవడం జానీమియాకు తెలిసింది. తనకు కళ్లు కనబడవని ఒక్క మాట అంటే బిడ్డ గెలుస్తుంది. అబ్బా పరువు పోతుందని ఆ మాట మింగేసింది. ఆయనకు సిగ్గేసింది.

"నా బిడ్డ కండ్లు మంచిగనే ఉన్నయి. పోయినయి నాయి," అన్నాడు గట్టిగా. "రెండేండ్లాయె. నువ్వు గింత దగ్గర నిలబడ్డా నీ మొకం నాకు కనబడ్తలేదు ఫహీమ్."

ఫహీమ్ నోరు వెళ్లబెట్టాడు. "రెండేండ్లా? మరి పోయినేడు మీరు చూపెట్టిన చాంద్?"

"నేనేడ చూపెట్టిన? చెమట తుడుసుకుందామని చెయ్యి లేపిన. 'మాషా అల్లా, కనబడ్డది' అని ముందుగాల ఒర్లింది నువ్వే. నీ ఎనుక గీళ్లందరు చూసిన్రు. ఇగ ఇజ్జత్ కోసం నేను గూడ చూసిన్నంటి."

పోయినేడాది ఆ రాత్రి హైదరాబాద్ ఖబరు కూడా అదే వచ్చింది కాబట్టి అందరూ బతికిపోయారు. ఇప్పుడు మాత్రం ముందుగా మెకానిక్ ఒవైస్ టవర్ వైపు తిరిగి కళ్లు చిట్లించాడు.

"అరె, ఉన్నది! సన్నగ, గోరంత ఉన్నది!"

తర్వాత ఒక్కొక్కరికీ దొరికింది. కౌగిలింతలు, ముబారకులు, ఒకటే సందడి. ఒవైస్ మసీదుకు ఫోన్ కొట్టాడు. ఫహీమ్ కూడా వేలెత్తి చూపిస్తూ అందరికీ ముబారక్ చెప్పాడు. ఆఖరికి జానీమియాను కౌగిలించుకుని, చెవిలో మెల్లగా అన్నాడు:

"చాచా, దవాఖానకు ఎప్పుడు పోతరు? జర నన్ను గూడ తీస్కపోండ్రి."